ముందు గేటు దగ్గర చంద్రకళ గారు

సభకు అధ్యక్షులుగా కూర్చున్న మధుసూదనరావు గారికి, పొద్దుటి నుంచి దీపపు కుందె దగ్గర మొదలుపెట్టి టిఫిన్ల దాకా అన్నీ తన చేతి మీదుగా జరిపిస్తున్న వారి శ్రీమతి కమల గారికి, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముందు వరుసలో నిటారుగా కూర్చున్న మన స్కూలు ప్రిన్సిపల్ మిసెస్ కెల్లెహర్ గారికి, ఆమె పక్కన కూర్చుని నా మాటల్ని ఎప్పటికప్పుడు ఇంగ్లీషులో చెబుతున్న అపర్ణ గారికి, ఆంటీలకు, అంకుల్స్‌కు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళకు, అందరికంటే ముఖ్యంగా ఈ రోజు మనం శాలువా కప్పబోతున్న చంద్రకళ ఆంటీకి నమస్కారం.

నా పేరు నవీన. ఈ స్కూల్లో క్లీనర్‌ని. మీలో చాలామందికి నా పేరు తెలియకపోయినా నా ఫోన్ నంబరు తెలుసు. ఉగాదికి, బతుకమ్మకు, పిల్లల పుట్టినరోజులకు ఈ హాలు అద్దెకు తీసుకుని, టైము అయిపోయాక "అమ్మాయ్, ఇంకో అరగంట ఉంచుతావా, ప్లీజ్" అని అడిగేది మీరే. టైము అయిపోయిందని వచ్చి లైట్లు ఆర్పేది నేను. ఈ రోజు మాట్లాడేదీ నేనే కాబట్టి లైట్లు ఆర్పడానికి ఎవరూ లేరు. (నవ్వులు)

మధుసూదనరావు గారు నన్ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. "నాలుగు మంచి మాటలు చెప్పు, చాలు" అన్నారు. ఈ పని మీ పిల్లలు ఎవరైనా చేసి ఉండవచ్చు, అందరూ ఆంటీ నిలబడే ఈ స్కూల్లో చదివేవాళ్ళే, కానీ వాళ్ళను తెలుగులో ఏమడిగినా అర్థం చేసుకుని, ఐరిష్ యాసలో "గ్రాండ్", అంటే బాగుంది, అని చెప్పి వెళ్ళిపోతారు. నాకు కూడా చిన్నప్పుడు నేర్చిన అక్షరాలు తప్ప తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు. మీరు ఈ హాల్లో ఆదివారం తెలుగు బడి పెట్టి, రెండో ఏడాదికే మూసేసి, పుస్తకాలన్నీ స్టోర్‌రూమ్‌లో ఫ్లోర్ పాలిష్ డబ్బాల పక్కన వదిలేసి వెళ్ళారు. వాటిని పారేయమని నాకు చెప్పారు. నేను పారేయలేదు. టీ టైములో బక్కెట్ బోర్లించుకుని కూర్చుని చదివాను. ఆ పుస్తకాలు ఇంత పని చేస్తాయని మీరు అప్పుడు అనుకుని ఉండరు.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం చెబుతున్నాను, చంద్రకళ ఆంటీ ఈ స్కూలు ముందు గేటు దగ్గర పిల్లలను రోడ్డు దాటిస్తారు. పసుపు కోటు, టోపీ, చివర గుండ్రటి పలక ఉన్న పొడుగాటి కర్ర. పిల్లలు ఆమెను లాలిపాప్ లేడీ అంటారు, ఈ దేశంలో ఆ పని చేసే వాళ్ళందరినీ అలాగే అంటారు. కౌన్సిల్ ఇచ్చిన ఉద్యోగం. వచ్చే శుక్రవారం, హాలోవీన్ సెలవులు ఇచ్చే రోజు, ఆమె ఆఖరి రోజు. ఆ తర్వాత షానన్‌లో ఉన్న కూతురు సుధేష్ణ దగ్గరికి వెళ్ళిపోతున్నారు.

సన్మాన సభల్లో ఫలానా వారు ప్రాణాలు కాపాడారని చెప్పడం అలవాటు. నాకు అలాంటి కథ ఏమీ లేదు. ఆంటీ ఎవరినీ లారీ కింద నుంచి లాగలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డు మీద ఏమీ జరగలేదు. కాలనీ చివర ఇంకా ఇళ్ళు కడుతూనే ఉన్నారు, కాంక్రీటు లారీలు పొద్దుటే వరసగా వస్తాయి, డ్రైవర్లకు ఆలస్యమవుతూ ఉంటుంది, వానాకాలం అంటూ వేరే లేని దేశం ఇది, ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అయినా ఏమీ జరగలేదు. ఏమీ జరగనివ్వకపోవడమే ఆమె పని. ఆ పని బాగా చేస్తే ఎవరికీ కనిపించదు.

ఈ ఉద్యోగంలో ఆమె చేరిన కొత్తలోనే మేము ఈ దేశం వచ్చాం, అప్పుడు మన వాళ్ళు ఏమనుకునేవారో నాకు గుర్తుంది. అప్పుడు నాకు పదేళ్ళు, కానీ చెవులు పెద్దవాళ్ళవే. ఆమె భర్త గురుమూర్తి గారు డాక్టరు. స్లైగో ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, డబ్లిన్‌కు మారి, ఆడమ్స్‌టౌన్ అవతల ఈ కాలనీలో ఇల్లు కొనుక్కున్న ఏడాదిలోపే పోయారు. సంవత్సరీకం అయ్యాక ఆంటీ ఈ పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పుడు మనలో పెద్దలు ఒక ముగ్గురు వాళ్ళింటికి వెళ్ళారు. "డాక్టరు గారి భార్య మీరు, రోడ్డు మీద కర్ర పట్టుకుని నిలబడితే మాకు ఎలా ఉంటుందండీ, ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెప్పుకోరాదా" అన్నారు. ఆంటీ వాళ్ళకు టీ ఇచ్చి, "ఇంట్ల కూసుంటే గోడలు తప్ప ఎవరు కనబడ్తరయ్యా నాకు, ఆడనైతే పొద్దుగాల్నే పిల్లలు కనబడ్తరు" అన్నారట. ఆ ముగ్గురిలో ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు. ఎవరో నేను చెప్పను. ఆయనే ఇప్పుడు నా వైపు చూడడం మానేశారు. (నవ్వులు)

మేము ఆ గేటు ఎదురుగా, దుకాణాల పైన ఉండే ఫ్లాట్లలో అద్దెకు ఉండేవాళ్ళం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. మా నాన్న హోటల్లో వంట చేస్తాడు, అమ్మ అక్కడే గిన్నెలు కడుగుతుంది. అప్పటికి నాకు ఇంగ్లీషు రాదు. మొదటి రోజు రోడ్డుకు ఇవతల నిలబడి అమ్మా అని ఏడుస్తుంటే అవతల నుంచి పసుపు కోటు వేసుకున్న మనిషి తెలుగులో అరిచింది. "ఏయ్ పిల్లా, ఆడనే ఆగు! నేను రమ్మన్నప్పుడు రా!" ఈ దేశంలో బయటి మనిషి నాతో మాట్లాడిన మొదటి తెలుగు మాట అది, అది కూడా తిట్టు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రోడ్డు మధ్యలోకి వచ్చి, కర్ర అడ్డం పెట్టి, పెద్ద లారీని ఆపేసి, నా చెయ్యి పట్టుకుని, "ఏం తిన్నవ్ పొద్దుగాల? ఏడుపు తిన్నవా?" అని అడిగింది.

మర్నాటి నుంచి మా నాన్న కూడా నాతో ఆ రోడ్డు దాటి, ఆంటీకి దండం పెట్టి, అక్కడి నుంచే బస్సెక్కి పనికి వెళ్ళేవాడు. రోజూ పొద్దున ఇంట్లోంచి కాలు బయటపెట్టగానే ఆయనకు ఎదురయ్యే మొదటి మనిషి ఆంటీ. వీసా పొడిగింపు రోజున, పర్మిట్ వచ్చిన రోజున, మా తమ్ముడు పుట్టిన రోజున కూడా ఆమే ఎదురు. ఏమీ కాలేదు. వీసా వచ్చింది, తమ్ముడు పుట్టాడు, వాడు ఇప్పుడు నాకంటే పొడుగు. మాకు కారు లేదు కాబట్టి శకునం చూసుకునే స్తోమత లేదు.

(అపర్ణ గారు ఇంగ్లీషులో చెప్పడం ఆపారు)

ఇప్పుడు నేను ఏం చెప్పబోతున్నానో మీకు అర్థమైందని నాకు అర్థమైంది. అపర్ణ గారూ, ఆపకండి. శకునానికి ఇంగ్లీషులో సరైన మాట దొరకకపోతే వివరంగా చెప్పండి. మంచి పని మీద బయల్దేరినప్పుడు భర్త పోయిన స్త్రీ ఎదురైతే పని చెడుతుందని మన వాళ్ళు అనుకుంటారని చెప్పండి. మిసెస్ కెల్లెహర్ ఎన్నేళ్ళుగానో ఒక ప్రశ్న అడుగుతున్నారు, జవాబు ఇదే.

ఆ ప్రశ్న ఏమిటో మీకు కూడా చెబుతాను. ఈ స్కూలుకు రెండు గేట్లు. ముందు గేటుకు వెడల్పాటి ఫుట్‌పాత్, సైకిళ్ళు పెట్టుకునే చోటు, రోడ్డు దాటించడానికి మనిషి, అన్నీ ఉన్నాయి. వెనక గేటుకు బురద పొలం, సన్నటి సందు, ముసలి దంపతులు ఉండే నాలుగిళ్ళు. అయినా మన కుటుంబాలన్నీ కార్లలో చుట్టూ తిరిగి వెనక గేటుకే వస్తాయి. ఎందుకు? మిసెస్ కెల్లెహర్‌కు అర్థం కాలేదు. ముందు గేటు అందంగా లేదేమోనని పూల తొట్లు పెట్టించారు. పిల్లల చేత గోడ మీద బొమ్మలు వేయించారు. మన దేశం జెండా కూడా వేయించారు. అయినా మీరు బురదలోంచే వచ్చారు. ఆ బురద కారిడార్‌లో తుడిచేది నేను, కాబట్టి నా దగ్గర కొంత సమాచారం ఉంది. సెప్టెంబర్‌లో కొత్త తరగతి మొదటి రోజున బురద ఎక్కువ. ఎవరింట్లోనైనా ఇంటర్వ్యూ ఉంటే, డ్రైవింగ్ టెస్ట్ ఉంటే, ఆ ఇంటి పిల్లల బూట్లకు బురద. మీలో కొందరు ముందు రోజు నాకు మెసేజ్ కూడా పెట్టారు, "నవీనా, ఆవిడ రేపు డ్యూటీలో ఉంటారా, ఎన్నింటి నుంచి ఉంటారు?" అని. ఆమె మీద ప్రేమతో అడుగుతున్నారని మొదట్లో అనుకున్నాను.

ఒకసారి మిసెస్ కెల్లెహర్ ఆంటీనే అడిగారు. నేను అక్కడే ఆకులు ఊడుస్తున్నాను. "చంద్రా, మీ వాళ్ళు ఈ వైపు ఎందుకు రారు?" ఆంటీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "విండ్, మిసెస్ కెల్లెహర్. టూ మచ్ విండ్ హియర్. మై పీపుల్, నో లైక్ విండ్" అన్నారు. ప్రిన్సిపల్ గారు నమ్మి, మరుసటి నెల గేటు పక్కన గాలి ఆగడానికి చెక్క తడిక కట్టించారు. అది ఇప్పటికీ ఉంది, మీరు చూసి ఉండరు, మీరు అటు రారు కదా. (కొందరి నవ్వు)

ఆ రోజు ప్రిన్సిపల్ గారు వెళ్ళాక నేను కోపంగా అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పారు ఆంటీ అని. "మనింటి ముచ్చట వాళ్ళకెందుకే పిల్లా" అన్నారు. "మంచిగ సదువుకున్నోళ్ళు, పెద్ద పెద్ద నౌకరీలు చేసెటోళ్ళు. వీళ్ళు గిట్లున్నరా అని ఆమె అనుకుంటే నీకు బాగుంటదా?" మీ పరువు ఆ తడిక వెనక ఆమె దాచిపెట్టారు. నేను ఈ రోజు దాన్ని పీకేస్తున్నాను.

చంద్రకళ ఆంటీ ఇప్పుడు ముందు వరుసలోంచి నాకు చెయ్యి అడ్డంగా చూపిస్తున్నారు, ఆగమని. ఆంటీ, మీరు చెయ్యి ఎత్తితే ఆగడం నాకు పదేళ్ళప్పటి నుంచి అలవాటు. ఈ ఒక్కసారి ఆగను. తర్వాత తిట్టండి.

మరి ఆమెకు తెలుసా అంటే, అన్నీ తెలుసు. ఎవరింట్లో ఎప్పుడు శుభకార్యమో ఈ కాలనీలో అందరికంటే ముందు తెలిసేది ఆంటీకే. రోజూ అవతలి మలుపులో మీ కార్లు కనిపిస్తాయి ఆమెకు. ముందుకు వస్తున్నట్టే వచ్చి, ఇండికేటర్ వేసి పక్క సందులోకి తిరుగుతాయి. ఒక రోజు నేను పక్కనే ఉన్నాను. జగన్ అన్న కారు అలాగే తిరిగింది. ఏం అన్నా, గుర్తుందా? తల దించుకోకు, అందరూ చూస్తున్నారు. ఆంటీ ఏమన్నారో విను. "ఇయాల జగన్‌కు ఇంటర్వ్యూ ఉన్నట్టున్నది పిల్లా, ఎన్కనుంచి పోయిండు. మంచిగ కానీ. ఇద్దరు పిల్లలు, మొన్ననే ఇల్లు గూడ తీస్కున్నరు." అని, కర్ర చంకలో పెట్టుకుని, నీ కారు పోయిన వైపు దండం పెట్టారు. నీకు ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచావు. ఆంటీకి ఇవ్వలేదు.

నేను అరవడం లేదు, మధుసూదనరావు గారూ. మైకు దగ్గరగా ఉంది, అంతే.

ఇందాక సభ మొదట్లో జరిగింది అందరూ చూశారు. చూడనట్టు కూర్చున్నారు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. కమల గారు దీపం వెలిగించడానికి అయిదుగురు ముత్తైదువలను పిలిచారు. చంద్రకళ ఆంటీని పిలవలేదు. సభ ఆమెది, శాలువా ఆమెది, ఫ్లెక్సీ మీద ఫోటో ఆమెది. మిసెస్ కెల్లెహర్‌ను పిలిచారు, ఆమె భర్త బతికి ఉన్నారు కనుక ఆమెకు అర్హత ఉంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆమె తన వత్తి వెలిగించి, మన పద్ధతి తెలియక, ముందు వరుసలో ఉన్న ఆంటీ వైపు కొవ్వొత్తి చాచి "కమ్ ఆన్, చంద్రా, యువర్ టర్న్" అన్నారు. కమల గారు నవ్వుతూనే ఆ కొవ్వొత్తి ఆమె చేతిలోంచి తీసుకుని, మిగిలిన వత్తి తనే వెలిగించారు. చాలా మర్యాదగా చేశారు. నేను గోడ పక్కన కుర్చీలు మోస్తూ చూశాను.

కమల గారూ, దీపం గురించి నేను తగువు పెట్టుకోను. కుందె మీది, నూనె మీది, మీ ఇష్టం. రోడ్డు మాత్రం మీది కాదు. నేను మాట్లాడాలనుకున్నది రోడ్డు గురించి.

ఆంటీ వెళ్ళిపోయాక ఆ చోటికి ఇంకొకరిని వేయాలా వద్దా అని కౌన్సిల్ వాళ్ళు వేసవికి ముందు ఒక మనిషిని పంపారు. ఆయన గేటు పక్కన మడత కుర్చీ వేసుకుని, పొద్దున ఎంతమంది నడిచి దాటుతున్నారో లెక్కపెట్టి వెళ్ళాడు. సరిపడా మంది లేరన్నారు. లేరు మరి. సగం స్కూలు వెనక సందులో ఉంది. కాబట్టి ఆంటీ రిటైరయ్యాక అక్కడ ఎవరూ ఉండరు. కౌన్సిల్ తప్పు లేదు, కుర్చీలో కూర్చున్న ఆయనకు శకునాలు తెలియవు, కాళ్ళు తెలుసు. మిసెస్ కెల్లెహర్ వాళ్ళతో కొట్లాడి, మళ్ళీ ఒక్కసారి లెక్కపెట్టండి అని ఒప్పించారు. ఆ లెక్క రేపు సోమవారం మొదలై శుక్రవారం దాకా. ఆంటీ ఆఖరి వారం అది. ఈ సారి కూడా సరిపోకపోతే ఇక అంతే.

అప్పుడు ఎవరికి ఇబ్బంది? మీకు కాదు. మీరు కార్లలో వెనక గేటుకు వస్తారు. ఇబ్బంది ఫ్లాట్లలో ఉండే వాళ్ళకు. బ్రెజిల్ వాళ్ళు, నైజీరియా వాళ్ళు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన వాళ్ళు, అద్దె పెరిగి ఇక్కడికి చేరిన ఐరిష్ వాళ్ళు. మా కింద అంతస్తులో ఖాదర్ భాయ్ పిల్లలు. ఆయన రాత్రంతా గోడౌన్‌లో పనిచేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. పెద్ద పాప చిన్నదాని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆ పెద్ద పాప రెండో తరగతి. అవతల కాంక్రీటు లారీలు. నవంబర్‌లో స్కూలు తెరిచిన రోజు వాళ్ళిద్దరూ రోడ్డుకు అవతల నిలబడి ఉంటారు, ఆగమని, రమ్మని చెప్పడానికి ఎవరూ ఉండరు.

వెనక సందు సంగతి కూడా ఒక మాట. అక్కడ మొదటి ఇంట్లో టామ్ అనే ముసలాయన ఉంటాడు. మన మొదటి ఉగాదికి ఈ హాలుకు వచ్చి, పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, పచ్చడి తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "లవ్‌లీ, లవ్‌లీ" అంటూ వెళ్ళాడు, గుర్తుందా? ఇప్పుడు ఆయన నన్ను చూస్తే తలుపు వేసుకుంటాడు. రోజూ ఎవరిదో ఒకరి కారు ఆయన ఇంటి దారికి అడ్డంగా ఉంటుంది. పోలీసులకు ఫోన్ చేస్తానంటున్నాడు. కమ్యూనిటీ, కమ్యూనిటీ అని ప్రతి సభలో ఈ మైకులోనే చెబుతారు, స్కూలుతో మన అనుబంధం అని చెబుతారు. మన అనుబంధం ఆయన గేటుకు అడ్డంగా పార్క్ చేసి ఉంది.

("అమ్మాయ్, మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి" అని అధ్యక్షులు)

అయిపోయాయి అంకుల్, తెలుసు. ఇంకొక్కటే. అది మీ గురించే.

ఇందాక మీరు మాట్లాడుతూ, రేపు సోమవారం మధ్యాహ్నం మీ కుటుంబానికి ఐరిష్ పౌరసత్వ ప్రమాణం ఉందని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను, నిజంగానే. ఎన్నో ఏళ్ళ ఎదురుచూపు, నాకు తెలుసు, మేము ఇంకా ఆ లైన్లోనే ఉన్నాం. పొద్దున పాపను స్కూల్లో దింపి, ఇంటికి వెళ్ళి పట్టుచీర, సూటు వేసుకుని బయల్దేరతామన్నారు. మంచి రోజు. ఇంతకంటే మంచి రోజు మీ జీవితంలో మళ్ళీ ఎప్పుడొస్తుందో. అందుకే అడుగుతున్నాను. పాపను ఏ గేటులో దింపుతారు?

(అధ్యక్షులు కమల గారి వైపు చూశారు)

జవాబు ఇప్పుడు అక్కర్లేదు. వేదిక మీద కూర్చుని ఎవరైనా మంచి జవాబే చెబుతారు.

నిన్న సాయంత్రం నేను ఆంటీ ఇంటికి వెళ్ళి, ఇవన్నీ చెప్పేస్తాను అన్నాను. దీపం దగ్గర మిమ్మల్ని పిలవరు, నాకు తెలుసు, ఊరుకోను అన్నాను. ఆంటీ అట్టపెట్టెలకు టేపు వేస్తున్నారు. గురుమూర్తి గారి స్టెతస్కోపు ఒక కండువాలో చుట్టి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టారు. నా వైపు చూడకుండానే అన్నారు. "దీపం గీపం ఇడిసిపెట్టు. నేను ముట్టియ్యకుంటే ఏమైతది, వెలగకుంట ఉంటదా? నేను పోయినంక ఆ పోరగాండ్లను ఎవరు దాటిస్తరో అది అడుగు వాళ్ళను." అని, టేపు కొరికి తెంపి, "మెల్లగ అడుగు పిల్లా. మనోళ్ళే" అన్నారు.

అదే అడుగుతున్నాను. మెల్లగా అడగడం నాకు రాదు, అది ఆమె దగ్గర నేర్చుకోలేకపోయాను.

నేను చేయగలిగింది చెబుతాను. రేపు పొద్దున నేను రెండు గేట్లూ తెరుస్తాను. వెనక గేటుకు తాళం వేసేస్తే మీరంతా ముందుకే వస్తారని నాకూ తోచింది. వెయ్యను. అది నా ఉద్యోగం కాదు, పైగా తాళం వేస్తే వచ్చిన కాళ్ళు లెక్కలోకి రావచ్చు గానీ ఆంటీకి తెలుస్తుంది. ఆమెకు అన్నీ తెలుస్తాయి. మీ కార్లు రైలు స్టేషన్ పక్కన పెట్టుకోవచ్చు, అక్కడ పొద్దున ఖాళీగానే ఉంటుంది. పిల్లల చెయ్యి పట్టుకుని నడిచి వస్తే సరిపోతుంది. గాలి కొంచెం ఎక్కువే. తడిక ఉంది.

రోడ్డు దాటేటప్పుడు ఆమె ఎదురొస్తారు. కర్ర పట్టుకుని, రోడ్డు మధ్యలోకి, మీకు ఎదురుగానే వస్తారు. ఎదురు రాకుండా చేసే పని కాదు అది.

(హాలు మధ్యలోంచి కమల గారు లేచి నిలబడ్డారు. "నవీనా," అన్నారు, "రేపు ఆవిడ ఎన్నింటి నుంచి ఉంటారు?")

ఎనిమిదింపావు నుంచి, కమల గారూ. బెల్లు కొట్టే దాకా ఉంటారు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారని ఇందాకే చెప్పాను. మీరు ఎందుకు అడిగారో నాకు తెలియదు. మీ ముఖం చూసినా తెలియడం లేదు. పర్వాలేదు. రేపు పొద్దున కారిడార్‌లో పాప బూట్లు చూస్తే తెలుస్తుంది.

చంద్రకళ ఆంటీ, శాలువా ఇప్పుడు కప్పుతారు, కప్పించుకోండి, మంచి శాలువా, నేను చూశాను. మిసెస్ కెల్లెహర్ గారూ, ఆ తడిక కట్టించినందుకు మీకు, ఒక్క మాట కూడా మింగకుండా చెప్పినందుకు అపర్ణ గారికి, మూడు నిమిషాలకు బదులు ఇంతసేపు భరించినందుకు అధ్యక్షులకు, లేచి వెళ్ళిపోకుండా కూర్చున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. టిఫిన్లు చల్లారిపోతున్నాయి. కుర్చీలు ఎక్కడివి అక్కడ పెట్టి వెళ్ళండి, పొద్దున నాకు వేరే పని ఉంది, ముందు గేటు దగ్గర నిలబడాలి.

సెలవు.